ట్యాంకరు వాన

నా చిన్నప్పుడు, కేబుల్ టీవీ అప్పుడప్పుడే మా వైపు వస్తున్న రోజుల్లో, మా ఊళ్ళో ఒక సినిమా తీశారు. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే తగిలే చిన్న పల్లె మాది. బావుల్లో ఊరేవి ఉప్పునీళ్ళే. ఎండాకాలం కాలవలు కట్టేశాక మంచినీళ్ళ చెరువు అడుగంటేది. ఆడవాళ్ళు బిందెలతో మైళ్ళు నడిచేవాళ్ళు, లేదంటే పంచాయతీ ట్యాంకరు కోసం రోడ్డు మీద కూర్చునేవాళ్ళు.

ఆ నీళ్ళ కష్టం మీదే సినిమా తీస్తానని ఒక కుర్ర డైరెక్టరు వచ్చాడు. మా ఇంటి పక్కనే ఉండే మా మేనత్త ఇంట్లో దిగాడు. అత్త చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. ఆమె వండిన పులుసు తిని, ఆమె వెంట నీళ్ళకు నడిచి, ఆమె చెప్పిందంతా విని, అక్కా అని పిలిచేవాడు. నీ కథే తీస్తానక్కా అన్నాడట. అత్త అది అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

తర్వాత రెండేళ్ళు ఆ సినిమా నానా తిప్పలూ పడింది. డబ్బు పెడతానన్న ఒకాయన తప్పుకున్నాడు. ఇంకొకాయన వచ్చి, నీళ్ళ మీద సినిమా ఎవడు చూస్తాడని కథలోకి ప్రేమను తెచ్చాడు. హీరో దొరికితే హీరోయిన్ దొరకలేదు. ఇద్దరూ దొరికేసరికి, వేసిన తాటాకు గుడిసెల సెట్టు గాలివానకు ఎగిరిపోయింది. డైరెక్టరు వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయి కనిపించేవాడు. రానురాను అత్త ఇంటికి రావడం మానేసి, అవనిగడ్డ లాడ్జిలో దిగేవాడు.

చివరికి షూటింగు మొదలయ్యేసరికి నడి ఎండాకాలం. తీసేది వాన పాట. ఉప్పునీళ్ళు హీరోగారి ఒంటికి పడవట. ఎక్కణ్ణుంచో ట్యాంకర్లతో మంచినీళ్ళు తెప్పించి గొట్టాలతో పైకి చిమ్మించారు. అప్పటికి మా వీధిలోకి నీళ్ళబండి వచ్చి చాలా రోజులైంది. మేం వాళ్ళు అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడి చూస్తున్నాం. అడుగు తప్పిందని ఒకసారి, మేకప్ చెరిగిందని ఒకసారి, వాన చాల్లేదని ఇంకోసారి, తీసిందే తీశారు. తాగే నీళ్ళు బురదై పారిపోతున్నాయి. మేనేజరొకడు అవే నీళ్ళతో చెప్పులు కడుక్కున్నాడు. మా పిన్ని బిందెతో అడగబోతే, షాట్ పాడవుతుంది, పక్కకు పొమ్మని గదిమాడు. నాకు అసహ్యం వేసింది. అంతకంటే అసహ్యం వేసింది మా వాళ్ళే కొందరు ఈలలు వేస్తుంటే.

అత్త మాత్రం డైరెక్టరు వైపే చూస్తోంది. అతను ఒక్కసారి తలెత్తి ఆమెను చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

అప్పుడు అత్త కుచ్చెళ్ళు ఎగదోపి, నాకో చిన్న బిందె ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని తాడు కింద నుంచి దూరింది. తిన్నగా వాన పడుతున్న చోటికి నడిచి, హీరో పక్కనే బిందె పెట్టి నిలబడింది. పాట ఆగిపోయింది. మేనేజరు అరుచుకుంటూ వచ్చాడు. అత్త అతని వంక చూడనైనా చూడలేదు.

"తమ్ముడూ, నీ వాన నువ్వు తీసుకో. కింద పడే నీళ్ళు మేం పట్టుకుంటాం," అంది డైరెక్టరుతో.

పిన్ని వచ్చింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు. గొట్టం పట్టుకున్నాయన, ఆపమని మేనేజరు ఎంత చెప్పినా ఆపకుండా, ధారను బిందెల వైపు తిప్పాడు.

సాయంత్రం డైరెక్టరు అత్త ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, డబ్బు పెట్టేవాళ్ళ మాట కాదంటే సినిమాయే ఆగిపోతుందనీ, ఇదొక్కటి పూర్తయితే తర్వాత అసలు సినిమా తీస్తాననీ చాలాసేపు చెప్పాడు. అత్త వడగట్టిన నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది.

"ముందివి తాగు. గొంతెండిపోయింది నీకు," అంది.

అతను తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ సినిమా బందరులో ఆడినప్పుడు చూశాను. సగం అయినా మా ఊరి నీళ్ళ ఊసే లేదు, వాన పాట మాత్రం వచ్చింది. అక్కడే లేచి వచ్చేశాను.

అతను చెడ్డవాడని అత్త ఏనాడూ అనలేదు. తీస్తూ తీస్తూ ఎవరి కోసం తీస్తున్నాడో మర్చిపోయాడు పాపం, అనేది. నాకంత జాలి లేదు, తల నెరిసినా రాలేదు. కానీ నేను చేపట్టిన పని ఏదైనా ఏళ్ళ తరబడి సాగితే, మధ్యలో ఆగి, ఎవరి కోసం మొదలుపెట్టానో వాళ్ళింటికి ఒకసారి వెళ్ళి వస్తాను. వాళ్ళ ముఖంలోకి చూడలేకపోతే ఆ పని అక్కడితో ఆపేస్తాను. అలా ఆపేసినవి ఉన్నాయి. వాటి గురించి ఎప్పుడూ బాధపడలేదు.