సూప్‌లో అన్నం మెతుకులు

ఈ సాయంత్రం మా బారిడీహ్ కంపెనీ క్వార్టర్లో యుద్ధమే జరిగింది. షుగర్ వచ్చిన దగ్గర్నుంచి రాత్రిపూట అన్నం మానేసి కూరగాయల సూప్ తాగుతున్నాను. అయినా షుగర్ దిగదు. ఇవాళ డ్యూటీ నుంచి వచ్చి, సూప్ తాగి, కాసేపాగి చూసుకుంటే ఇంకా పెరిగింది. ఒళ్లు మండిపోయి షుగర్ మిషన్‌ను గోడకేసి కొట్టాను. ముక్కలైంది.

"ఏటి కలుపుతున్నావే ఇందులో?" అని మా ఆవిడ మీద అరిచాను. ఆమె గరిటె విసిరింది. అది నా చెవి పక్కనుంచి దూసుకెళ్లి అద్దాన్ని పగలగొట్టింది. నేను కింద ఉన్న, ఇంకా సూప్ మిగిలిన గిన్నెను ఒక్క తన్ను తన్నాను. గచ్చు మీద పారిన సూప్‌లో అన్నం మెతుకులు కనిపించాయి. ఇద్దరం పక్కనే అప్పడాలు వత్తుతున్న మా అమ్మ వైపు తిరిగాం.

"అవున్రా, అన్నం వార్చిన గంజి నేనే పోత్తన్నాను. మీ నాన్న కూడా సుగరని తిండి మానేసి, పుల్లలాగైపోయి సచ్చిపోనాడు. నిన్నూ అలాగే పంపీమంటావేట్రా?" అంటూ అప్పడాల కర్రతో నా వీపు మీద ఒక్కటేసింది. వేసి, తనే ఏడ్చింది.

ఇప్పుడు మా ఆవిడ నా వీపుకి కొబ్బరినూనె రాస్తోంది. అమ్మ మళ్లీ సూప్‌కి సొరకాయ తరుగుతోంది. గంజి పోయొద్దని ఆమెకు ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు చెప్పండి. కర్ర ఇంకా ఆమె పక్కనే ఉంది.