తక్కువైన పద్నాలుగు

మా వీధిలో క్రెడిట్ కార్డు ఉన్నది నాకొక్కదానికే. ఆఫర్లు వచ్చాయంటే చాలు, బాన్సువాడ బజారులో ఫ్రిజ్ కొనేవాళ్లూ ఫోన్ కొనేవాళ్లూ ముందు మా ఇంటికే వచ్చేవారు. "అక్కా, జర నీ కార్డు గీకరాదు, పైసలు తెచ్చి చేతుల వెడ్త" అనేవారు. నేను గీకేదాన్ని, వాళ్లు డబ్బు తెచ్చి ఇచ్చేవారు, బిల్లు గడువుకు ముందే కట్టేసేదాన్ని. ఒక్కరూ ఎగ్గొట్టలేదు.

ఇంటి లోను తీరిపోయాక ఒకరోజు ఫోనులో నా క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు సరిగా కడతామా లేదా అని బ్యాంకులు చూసే మార్కులు, చూసుకున్నాను. తొమ్మిది వందలకు ఎనిమిది వందల ఎనభై ఆరు. ఇంకొకరైతే మిఠాయి పంచేవారు. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు లెక్కల్లో తొంభై తొమ్మిది వస్తే ఆ ఒక్కటి ఎటు పోయిందని సారును నిలదీసిన దాన్ని. ఏనాడూ కిస్తీ ఆలస్యం చేయని నాకు పద్నాలుగు ఎందుకు తగ్గాలి?

సెలవు పెట్టి మరీ బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఆఫీసరు కుర్రాడు చూసి నవ్వాడు.

"కార్డు నిండా వాడుతుండ్రు మేడం. టైముకు కట్టినా సరే, గంత వాడితే మనిషికి పైసల తిప్పలున్నయనుకుంటది కంప్యూటర్. ఇగ ఇంటి లోను గూడ బందయింది గదా, దానికి జర తగ్గుతది."

"అప్పు తీరిస్తే గూడ తగ్గుతదా?"

"గంతే మేడం. అయినా గీ స్కోరుకు పిలిచి లోనిస్తరు. మీకు ఫికరెందుకు?"

ఫికరెందుకో అతనికేం తెలుసు! ఇంటికొచ్చి, ఇక నా కార్డు ఎవరికీ గీకనని వీధంతా వినపడేలా చెప్పేశాను.

మా కింది గదిలో కిరాయికుండే ఆపా కూడా విన్నది. నేను ఆమెను ఆపా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది, ఎవరు పెద్దో ఇద్దరం తేల్చుకోలేదు. కాలితో తొక్కే పాత మిషన్ మీద జాకెట్లు కుట్టి బతుకుతుంది. మోకాళ్లు అరిగాయి, ఇక తొక్కొద్దన్నాడు డాక్టరు. కరెంటు మిషన్ కొనకపోతే కుట్టు బంద్, కుట్టు బందైతే ఇల్లు గడవదు. అయినా నన్ను అడగలేదు. ఒక్కతే దుకాణానికి వెళ్లి, కిస్తీల మీద మిషన్ ఇమ్మంది.

సాయంత్రం మెట్ల మీద కూర్చుని కనిపించింది.

"ఏమైంది ఆపా?"

"ఇయ్యరంట అక్కా. నాకు స్కోరే లేదంట."

"లేకపోవుడేంది?"

"ఎన్నడన్న లోన్ తీసుకున్నవా అన్నరు. తోబా, జిందగీల ఎవ్వరికీ ఒక్క రూపాయి బాకీ లేనన్న. గట్లయితే నిన్నెట్ల నమ్మాలె అన్నరు."

తనదే ఏదో తప్పున్నట్టు తలవంచుకుని చెప్పింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని అదే దుకాణానికి వెళ్లి, నా కార్డు గీకి, కిస్తీల మీద మిషన్ ఇప్పించాను.

తర్వాతి నెల నా స్కోరు ఇంకాస్త దిగింది. చూసి, ఫోను పక్కన పడేసి, పప్పు పొయ్యి మీద పెట్టాను.

ఆపా నెల మొదట్లోనే పైకొచ్చి డబ్బు నా చేతిలో పెట్టేది. రంజాన్ నెలలోనూ తప్పలేదు, జ్వరం వచ్చిన నెలలోనూ తప్పలేదు. కిస్తీలన్నీ తీరాక మొన్న చూసుకుంటే నా స్కోరు ఎనిమిది వందల తొంభై ఒకటి. కష్టపడి కట్టింది ఆమె, పెరిగింది నాది. ఆపాకు ఇప్పటికీ స్కోరు లేదు.