రెండేళ్లు ముందు బడికేసిన పిల్ల

మా ఇద్దరు కర్నూల్లో ఉంటారు. మేముండే ఆదోనిలో కాకులు కూడా గోడనీడ పట్టుకొని నడిచే ఎండాకాలం మధ్యాహ్నాల్లో, జిల్లా మొత్తమ్మీద చల్లగా ఉన్నది వాళ్లిద్దరే. సంతాన సాఫల్య కేంద్రంలో, పాలక్యాను లాంటి ఉక్కుడబ్బాలో, ఆరేళ్లుగా గడ్డకట్టి ఉన్నారు. ఆవగింజను వంద ముక్కలు చేస్తే ఒక ముక్క వాళ్లకు పట్టెమంచమవుతుంది. డాక్టరమ్మ వాళ్లను పిండాలంటుంది. ఆ మాట మా ఆవిడకు గిట్టదు, కాకులకు పెట్టేవి గుర్తొస్తాయని. "ఆ రెండూ" అంటుంది.

మొదట నాలుగుండేవి. రెండింటిని కడుపులో పెట్టి చూశారు, నిలవలేదు. మిగిలిన రెండింటికి ఒకసారి లాక్‌డౌన్ అడ్డం, ఇంకోసారి బీపీ, ఆ తర్వాత థైరాయిడ్. మొన్న శ్రావణంలో ఆమె ఒళ్లు దారికొస్తే, నేల మీద కాలానకుండా పోయినాము.

డాక్టరమ్మ ఆధార్ కార్డు చూసింది. చాలాసేపు చూసింది.

"జూలై ఒకటికి మీకు యాభై నిండాయమ్మా. ఇంక చట్టం ఒప్పుకోదు."

"నాకు నలభై ఎనిమిదే మేడం" అంది మా ఆవిడ.

నిజమే. ఎమ్మిగనూరులో మా మామ మగ్గం నేసేవాడు. పెద్దకూతురు బడికి పోతే, ఈమె మగ్గం గుంటలో దిగి నూలు చిక్కు పెట్టేదట. ఆ చిక్కు విప్పి పరిస్తే మంత్రాలయం దాకా పోయి వెనక్కి వస్తుందని మామ లెక్క. తట్టుకోలేక, మూడేళ్ల పిల్లను ఎత్తుకుపోయి ఐదేళ్లని చెప్పినాడు. అయ్యవారి పరీక్ష ఒకటే. కుడిచెయ్యి నెత్తిమీదుగా తెచ్చి ఎడమచెవి ముట్టుకోవాల. అందితే ఐదేళ్లు. ఆమె మెడ వంచి, భుజం పీకి, చెవికొసను పట్టేసింది. అయ్యవారు జూలై ఒకటి రాసేసినారు. మా తాలూకాలో సగం మంది పుట్టింది ఆ తేదీనే. ఆ రోజు మంత్రసానులకు మంచినీళ్లు తాగే తీరిక కూడా ఉండి ఉండదు.

టెన్త్ సర్టిఫికెట్టులో అదే తేదీ. ఆధార్‌లోనూ అదే. కోర్టులో దిద్దించుకోవచ్చు కానీ, అది తేలేలోపు ఆమెకు నిజంగానే యాభై వస్తాయన్నాడు మా వకీలు. మగవాళ్లకు యాభై ఐదు దాకా గడువుంది. నాకు యాభై మూడు. అంటే నా దగ్గర రెండేళ్లు ఊరికే పడున్నాయి. వాటిని ఆమె పేరున రాసిచ్చే సెక్షన్ ఏదీ ఆ చట్టంలో లేదు.

ఆఖరికి మరుసటి వారం మామనే సాక్ష్యానికి పిలుచుకొనిపోయినాము. ఎనభై ఏళ్ల మనిషి, తాను నేసిన పంచె కట్టుకొని, డాక్టరమ్మ ముందు చేతులు కట్టుకొని నిలబడినాడు.

"ఆ దినం అబద్ధం సెప్పినోన్ని నేనేనమ్మా. శిక్ష నాకెయ్యి. నా బిడ్డ రెండేండ్లు నా బిడ్డకిచ్చెయ్యి."

"మీ మాట నేను నమ్ముతా తాతా. నా నమ్మకం రిజిస్టర్లో ఎక్కదు. కాదని చేస్తే ఈ ఆసుపత్రికి తాళం పడుతుంది."

డాక్టరమ్మ ఒక ఫారం తీసి మా ఆవిడ ముందు పెట్టింది. పదేళ్ల దాకా దాచొచ్చట, ఇంకా నాలుగేళ్లుంది. ఇప్పుడే తేల్చేయాలంటే రెండు దారులు: వదిలెయ్యడం, లేదంటే పరిశోధనకివ్వడం. మా సంతకం లేకుండా ఎవరూ ముట్టుకోరు.

"పరిశోధనంటే ఏందమ్మా?" అన్నాడు మామ.

"చదువు కోసం తాతా. వాటిని చూసి డాక్టర్లు నేర్చుకుంటారు."

మామ మొహం కొంచెం విప్పారింది. "సదువు కోసమంటే మంచిదే గదా పాపా."

మా ఆవిడ తండ్రి వైపు తిరిగింది. "నన్ను తొందరగా బడికేసింది సాల్లేదా నాయనా? అవింకా సిన్నవి. ఉండనీ." పెన్నుకు మూత పెట్టి, ఫారం మడిచి సంచిలో వేసుకుంది.

తిరుగు బస్సు కోడుమూరు దాటింది. మామ ముందు సీటులో కళ్లు మూసుకున్నాడు గానీ, నిద్రపోలేదు. నా పక్కన ఆమె మెల్లగా కుడిచెయ్యి లేపి, నెత్తిమీదుగా ఎడమచెవి కోసం వెతికింది. రెండేళ్లుగా భుజం నొప్పి. వేళ్లు పాపిడి దగ్గరే ఆగిపోయినాయి.

"అందల్యా" అంది.

అయ్యవారి లెక్క ప్రకారం ఆమెకింకా ఐదేళ్లు నిండలేదు. బస్సు వెనక్కి తిప్పించి డాక్టరమ్మకు ఈ రుజువు చూపించాలనిపించింది.

"మెడ కొంచెం వంచు" అన్నాను.

వంచింది.