కుప్ప ఎవరి ముందుంది చెల్లె?

నిన్న పొద్దున లక్ష్మి ఫోన్ చేసింది. "అక్కా, భాయ్..." అని ఆగిపోయింది.

"ఏమైంది? ఇంకా షట్టర్ తియ్యలేదా?" అన్నాను.

నా బుద్ధి అంతే. ముందు పని గుర్తొస్తుంది, తర్వాతే మనిషి.

మా ఖాసీం భాయ్ ఇక లేరు. నిద్రలోనే పోయారట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న సాయంత్రం దుకాణంలో నా ఎదురుగా కూర్చుని, చాయ్‌లో చక్కెర తక్కువైందని పోట్లాడారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మహబూబ్‌నగర్‌లో స్కూల్ యూనిఫాంలు కుట్టే చిన్న దుకాణం భాయ్‌ది. నేను గుండీలు కుట్టడానికి వచ్చి, ఆయన దగ్గరే కటింగ్ నేర్చుకున్నాను. లక్ష్మి మిషన్ మీద కుడుతుంది.

జూన్ వస్తుందంటే మాకు గుండె దడ. స్కూళ్లు తెరిచేలోపు బట్టలు పిల్లల ఒంటి మీద ఉండాలి. లేటయితే ఆ స్కూల్ మళ్లీ మన గడప తొక్కదు.

ఒక సీజన్‌లో పని అస్సలు కదలలేదు. అందరం గుండీలకు కాజాలు తీసే మిషన్ మీద పడ్డాం. అది స్లో, కొత్తది కొనండి అని భాయ్ ప్రాణం తీశాం.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దుకాణమంతా ఒక చుట్టు తిరిగారు.

కాజాల మిషన్ దగ్గర కూర్చున్నామె ఖాళీగా ఫోన్ చూస్తోంది. కుట్టేవాళ్లు కూడా బట్ట కోసం ఎదురుచూస్తున్నారు.

విప్పని తానులన్నీ ఒక్కచోటే కుప్పగా పడి ఉన్నాయి. భాయ్ కటింగ్ టేబుల్ ముందు.

"గిన్ని దినాలు మిషన్‌ను తిట్టుకుంటిమి. పని ఆపుతున్నది నేనే గద!" అని నవ్వారు.

ఓనర్ అయి ఉండి ఆ మాట ఎవరంటారు చెప్పండి?

ఆ రోజే కొలతలు చూడటం, గుడ్డ పరవడం, గీతలు గీయడం మాకు అప్పజెప్పారు. కోయడం ఒక్కటే తన చేతిలో ఉంచుకున్నారు. పని పరుగెత్తింది.

అప్పటి నుంచి రోజూ అదే ప్రశ్న. "కుప్ప ఎవరి ముందుంది చెల్లె?"

ఎవరి ముందుంటే వాళ్లను తిట్టకూడదు. వాళ్ల చేతిలోంచి కొంత పని తీసెయ్యాలి. అది భాయ్ రూల్.

కానీ ఒక్క చోట మేమంతా బోల్తా పడ్డాం.

మా పనిలో నేర్పిన గురువు, ఉస్తాద్ కత్తెరను వేరేవాళ్లు ముట్టరు. ఒక ఏడాది భాయ్ దుకాణంలోనే జ్వరంతో పడిపోతే, అటునుంచి అటే దవాఖానకు తీసుకుపోయాం. కత్తెర టేబుల్ మీదే ఉండిపోయింది.

గీతలు గీసిన బట్ట ముందు పెట్టుకుని అందరం కూర్చున్నాం. ఆయన కత్తెరను ఎవరం ముట్టలేదు. వేరే కత్తెరతో కోస్తే ఆయన్ను పక్కకు పెట్టినట్టవుతుందని అదీ చేయలేదు. గౌరవం అనుకున్నాం.

భాయ్ తిరిగొచ్చి చూసి మండిపడ్డారు.

"నేను పండితె దుకాణం గుడ పండాల్నా? గిదేం అదబ్, గిదేం మర్యాద? పిల్లలు బట్టల కోసం ఎదురుచూస్తాంటే మీరు నా కత్తెరకు సలాం కొట్టుకుంట కూసుంటరా?"

ఆ వారమే తన టేబుల్ పక్కన ఇంకో టేబుల్ వేయించారు. నాకు కొత్త కత్తెర కొనిచ్చారు.

మొదటి తాను మీద పెడితే నా చెయ్యి ఒకటే వణుకు.

"పోతే గుడ్డ పోతది. జర గట్టిగ పట్టు" అన్నారు. అన్నిటికీ దిగులుపడే నన్ను 'ఫికర్ల పుట్ట' అని పిలవడం అప్పుడే మొదలైంది.

ఈ ఏడాది మోకాళ్ల నొప్పులతో ఆయన నిలబడి కోయడం బాగా తగ్గించారు. కటింగ్ దాదాపు నా మీదే పడింది.

మొన్న చాయ్ తాగుతూ నా టేబుల్ వైపు చూశారు.

"గిప్పుడు కుప్ప నీ ముందున్నది చెల్లె. లక్ష్మిని పక్కకు నిలబెట్టుకో, కోసుడు నేర్పు."

"సీజన్ అయిపోనియ్యండి భాయ్."

సీజన్ మధ్యలో కొత్త చెయ్యి అంటే నాకు భయం. బట్ట పాడైతే? డెలివరీ తప్పితే?

"సీజన్ల నేర్వకుంటే ఇంకెప్పుడు నేరుస్తది?" అని లేచి వెళ్లిపోయారు.

నాతో ఆయన చివరి మాట అదే.

నిన్న సాయంత్రం ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయారు. నేను వాళ్ల ఇంట్లో ఆడవాళ్లతో కూర్చున్నాను. ఏడుస్తూనే ఉన్నాను, తలలో మాత్రం యూనిఫాంలే తిరుగుతున్నాయి. ఎంత బట్ట మిగిలింది, స్కూల్ వాళ్లకు ఏం చెప్పాలి అని. నా మీద నాకే ఛీ అనిపించింది.

అప్పుడు భాయ్ భార్య, మా భాభీ, పక్క గదిలోకి పిలిచింది. చేతిలో పాత దస్తీలో చుట్టిన భాయ్ కత్తెర. మొన్ననే పదును పెట్టించి ఇంటికి తెచ్చుకున్నారట.

"గిది సందూక్ల పెట్టి నేనేం జెయ్యాలె? తీస్కపో సుజాత. పిల్లల బట్టలు ఆగొద్దు."

తెచ్చుకున్నాను.

ఈ రోజు పొద్దున్నుంచి దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ముట్టలేదు.

భాయ్ తిట్టిన పనే మళ్లీ చేస్తున్నానని ఇది రాస్తుంటే తట్టింది.

భాయ్, భయమైతే పోలేదు. తప్పు కోస్తే ఇక నన్ను ఎవరు తిడతారు?

అయినా ఇప్పుడే లక్ష్మికి ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే రమ్మన్నాను. మీ కత్తెర నేను పట్టుకుంటాను. మీరు కొనిచ్చిన నా కత్తెర లక్ష్మికిస్తాను.

"అక్కా, నా చెయ్యి వణుకుతది" అంది.

"పోతే గుడ్డ పోతది" అన్నాను.

ఖుదా హాఫిజ్ భాయ్.
ఇక మీ ముందు ఏ కుప్పా లేదు. చల్లగా పడుకోండి.