అవ్వ కడిగిన డబ్బా

నేను శామీర్‌పేట చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ల్యాబ్‌కు శాంపిళ్లు తెస్తుంటాను. ఈ పొద్దున, జ్వరం తగ్గని ఒక అవ్వ మూత్రం పట్టిన డబ్బా చేతికిచ్చింది. నిన్న నేను సీలుతో ఇచ్చిన డబ్బాయే, కానీ సబ్బు వాసన వస్తోంది.

“కడిగినవా అవ్వా?”

“కడగకుండ ఎట్ల పడ్త బిడ్డా? మంచిగ తోమి ఎండల వెట్టిన.”

ఆ డబ్బా క్రిములు లేకుండా శుద్ధి చేసి వస్తుంది. కడిగితే నీళ్లలోని క్రిములు చేరి రిపోర్టు తప్పొస్తుంది, ఆమెకు తప్పు మందు పడుతుంది. కొత్తది ఇచ్చి, ఆమెకు మళ్లీ మూత్రం వచ్చేదాకా అరుగు మీదే కూర్చున్నాను. ఆమె పొమ్మన్నా నేను కదల్లేదు.

చివరికి డబ్బాతో పాటు ఒక గ్లాసులో చల్ల కూడా తెచ్చింది.

“నీ డబ్బా కడగలే. గ్లాసు కడిగిన, ఏమనవు గద?”

రేపటి నుంచి డబ్బా ఇచ్చేటప్పుడే కడగొద్దని చెబుతాను. చెప్పకపోతే మీరైనా కడగకుండా ఇచ్చేవారా?