నాలుగు సీట్ల బండి, నర్సింలు చెప్పులు

మేము మహబూబ్‌నగర్ పోయింది నా బామ్మర్ది నర్సింలు కాలు చూపించడానికి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నలుగురు కూర్చుని తొక్కే బండి మీద పార్కు ఎలా చూడాలో చెబుతానని పిలిచి, ఈ ముసలాయన దవాఖాన ముచ్చట్లు మొదలుపెట్టాడేమిటని మీరు విసుక్కోవచ్చు. విసుక్కోండి. డెబ్బై దాటినవాడు ఎటు బయలుదేరినా దారి దవాఖాన మీదుగానే పోతుంది.

నర్సింలు నారాయణపేటలో నలభై ఏళ్లు గుంత మగ్గం మీద చీరలు నేశాడు. ఆ మగ్గం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: మనిషి నేల మీద కూర్చుంటాడు, కాళ్లు గుంతలో ఉంటాయి. కాళ్ల కింద రెండు కర్రలు. ఒక కర్ర తొక్కితే సగం పోగులు పైకి లేస్తాయి, వాటి సందులోంచి అడ్డదారం మోసే నాడె అటు పోతుంది. రెండో కర్ర తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె ఇటు వస్తుంది. కళ్లు బట్ట మీదే ఉంటాయి కాబట్టి కర్ర ఎక్కడుందో కాలికే తెలియాలి. నర్సింలుకు షుగర్ వచ్చి, కాలికి అదే తెలియకుండా పోయింది. నిరుడు కుడి బొటనవేలికి ఇనుప మొల దిగితే రెండు రోజుల దాకా వాడు చూసుకోలేదు. చివరికి వేలే తీసేశారు.

వేలు పోయిన రోజు మగ్గం మీద ఒక చీర సగం దాకా నేసి ఉంది. ఏడాదైనా అది అక్కడే ఉంది, పాత దుప్పటి కప్పుకొని. వాడి భార్య సాయమ్మకు నేత వచ్చు, పుట్టింట్లో నేసిన మనిషే. అత్తింటికి వచ్చాక ఆమెకు కండెలు చుట్టే పని పడింది, అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు దారం చుట్టడం. "నేను ఎక్కి పూర్తి చేస్త" అని ఆమె ఎన్నిసార్లు అన్నా నర్సింలుది ఒకటే మాట: "నేను మొదలువెట్టిన చీర నేనే దింపుత." పుండు మానాక డాక్టరమ్మను అడిగి మళ్లీ మగ్గం ఎక్కాలని వాడి ఆశ. ఆ అడిగే రోజు ఇదే.

ఫిబ్రవరి చివర్లో, వారం మధ్య రోజు. నేనూ నా భార్య బాలమణీ మక్తల్ నుంచి ముందురోజే నారాయణపేట చేరుకొని, ఉదయం ఆరున్నర బస్సుకు వాణ్ణి వెంటబెట్టుకొని బయలుదేరాం. మరికల్, దేవరకద్ర మీదుగా రెండు గంటల దారి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. బాలమణి ఆ సున్నా టికెట్‌ను మడిచి కొంగున కట్టుకుంది. నా టికెట్‌ను మాత్రం కిటికీలోంచి గాలికి పోనిచ్చింది. ఇంట్లో నా విలువ ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

దవాఖానలో పదకొండు దాటింది. డాక్టరమ్మ కాలు తిప్పి తిప్పి చూసి, పుండు మానిందని, కానీ స్పర్శ లేదని, ఇంట్లో కూడా చెప్పులు విప్పవద్దని చెప్పింది. షుగర్ ఉన్నవాళ్ల కోసం మెత్తటి అడుగుతో, వెనక పట్టీతో వచ్చే చెప్పులవి.

"మగ్గం ఎక్కొచ్చా మేడం?" అన్నాడు నర్సింలు.

"రక్త పరీక్ష వచ్చాక మూడింటికి రండి. మాట్లాడుకుందాం" అంది ఆమె.

డాక్టర్లు "మాట్లాడుకుందాం" అంటే ఏమిటో నాకు తెలుసు. నేను పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో నలభై ఏళ్లు అక్షరాలు పేర్చాను. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి, చదువంతా సీసపు అక్షరాల్ని తిరగేసి చదువుతూ నేర్చుకున్నదే. అందుకే మాటల్ని కూడా వెనక నుంచి చదివే అలవాటు. నాకు అర్థమైంది, బాలమణికి అర్థమైంది. నర్సింలు ముఖం చూస్తే వాడికి మా ఇద్దరికన్నా ముందే అర్థమైనట్టుంది.

మూడింటి దాకా ఆ బెంచీ మీద వాడు గోడను చూస్తూ కూర్చోవడం బాలమణికి ఇష్టం లేదు. ఊరి బయట గుట్టల మధ్య పెద్ద పార్కు ఉందని, అందులో నలుగురు తొక్కే బండి ఉందని ఫోన్‌లో చూసిందట. నాకేమో మోకాళ్లు అప్పటికే సెలవు అడుగుతున్నాయి. ప్రెస్సులో నిలబడ్డ నలభై ఏళ్లూ ఇప్పుడు ఒక్కొక్కటిగా వచ్చి నా మోకాళ్ల మీద కూర్చుంటున్నాయి. అయినా లేచాను. దవాఖాన ముందు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు, మనిషికి ముప్పై చొప్పున కుదిరింది.

"గంత పెద్ద పార్కు నడిచి చూస్తరా పెద్దాయనా? పొద్దుగూకుతది" అన్నాడు ఆటో ఆయన.

"తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరుకుతదా?"

"దొరకది. నా నంబర్ రాస్కో."

ఈ ముక్క మీరూ గుర్తుపెట్టుకోండి. వారం మధ్యలో ఆ గేటు ముందు ఖాళీ ఆటో ఉండదు.

లోపలికి టికెట్ కొనుక్కొని వంద అడుగులు నడిస్తే కానుగ చెట్ల కింద బండ్లు వరుసగా ఉన్నాయి. నాలుగు చక్రాలు, పైన గుడ్డ కప్పు, ముందు రెండు సీట్లు, వెనక రెండు. ఒక్కో సీటుకు ఒక్కో జత పెడళ్లు, ఎవరి తొక్కుడు వాళ్లదే. గంటకు రెండు వందలు, మేము పోయిన రోజు ధర. బండ్ల దగ్గర ఎల్లమ్మ అని యాభై దాటిన ఆమె ఉంది.

"స్టీరింగులు రెండున్నయి గని ఒక్కటే పనిజేస్తది. రెండోది ఉత్తగనే, పట్టుకొని కూసునెతందుకు" అంది.

మా ఇంట్లోనూ అదే పద్ధతి, ఆ రెండోది ఎప్పుడూ నా చేతిలో ఉంటుంది. ఆ రోజు పనిచేసేది నాకు దక్కింది. నర్సింలు నా పక్కన, బాలమణి వెనక, ఆమె పక్క సీట్లో జొన్నరొట్టెల సంచి. బ్రేకు ఎలా పట్టాలో నేను ఎల్లమ్మతో వాదిస్తున్నాను, బాలమణి కొంగు చక్రంలో పడకుండా దోపుకుంటోంది. బయలుదేరేసరికి పన్నెండు.

ఎల్లమ్మ చెప్పిన దారి చెరువు దాకా పోయి తిరిగి రావడం. మొదటి అర కిలోమీటరు చదును, ఆ తర్వాత చెరువు దాకా పల్లం. పోయేటప్పుడు హాయిగా ఉండే పల్లం వచ్చేటప్పుడు ఏమవుతుందో ఆలోచించే వయసు నాకు వచ్చింది కానీ బుద్ధి రాలేదు. రెండు పక్కలా గుండ్రాళ్లు, ఆకు రాల్చిన సీతాఫలం చెట్లు, అక్కడక్కడ ఎర్రగా మోదుగు పూలు. చూడ్డానికి బాగుంది. అయితే బండి మాత్రం ఒక ఉరుకు ఉరికి ఆగుతోంది, మళ్లీ ఉరికి ఆగుతోంది.

"ఏందిరా తమ్మీ, నా నడుము ఇరుగుతాంది! ఇడువకుండ తొక్కరాదు?" అని వెనక నుంచి బాలమణి అరిచింది.

"నాడె పోయి రానియ్యవా మరి అక్కా?" అన్నాడు వాడు.

చూస్తే వాడు ఒక కాలు దించి ఆగుతున్నాడు, నాడె పోయేంత సేపు. తర్వాత రెండో కాలు దించి, మళ్లీ ఆగుతున్నాడు. ఏడాది తర్వాత వాడు నవ్వించిన మాట అది. మేమిద్దరం పగలబడి నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు, తలవంచి ఏదో వింటున్నట్టు పెడలు వైపే చూస్తున్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు. మోదుగు పూలు చూస్తున్నాను.

చెరువు చేరేసరికి పన్నెండూ నలభై. మేము తప్ప మనిషి లేడు. బాలమణి రొట్టెల మూట విప్పుతూ వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది.

"నర్సింలూ, చెప్పులేవిరా?"

వాడు తన కాళ్ల వంక పక్కింటివాళ్ల కాళ్లను చూసినట్టు చూశాడు. "ఎక్కేకాడ ఇడిసిన."

మగ్గం గుంతలో దిగేవాడు చెప్పులు బయట విడిచే దిగుతాడు. ఆ ఇంట్లో అది ఎన్నివేలసార్లు చూశామో. అందుకే బండి ఎక్కుతూ వాడు చెప్పులు విడిచినా మా కంటికి ఆనలేదు. ఇప్పుడు చూస్తే పెడలు అంచుకు ఉన్న ఇనుప పళ్ల మీద నెత్తురు ఎండిపోయి ఉంది. కుడి అరికాలు, వేలు పోయిన చోటికి కాస్త కింద, రూపాయి బిళ్ల వెడల్పున చీరుకుపోయింది.

"నొప్పి లేదా?"

"లేదక్కా."

బాలమణి మంచినీళ్ల సీసా మొత్తం ఆ కాలి మీద పోసి, నా భుజం మీది ఉతికిన తువ్వాల లాక్కొని కట్టింది. చేతులు పనిచేస్తుంటే నోరు ఊరుకోలేదు. "ఒక్క ఏలు పోయింది సాల్లేదా నీకు? ఉన్న నాలుగు ఎవరికి దానమిస్తవ్?" ఆ వెంటనే నా వైపు తిరిగింది. "నువ్వు పక్కనే కూసున్నవ్ గదా, కండ్లు ఏడ వెట్టినవ్?"

నా చెప్పులు విప్పి వాడి ముందు పెట్టాను. అవి బొటనవేలిని ఉంగరంలో దూర్చుకొనే రకం. పెట్టాక గుర్తొచ్చింది, దూర్చడానికి వాడికి వేలు లేదు. ముగ్గురం ఆ ఉంగరాన్ని కాసేపు చూశాం. ముందుగా నవ్వింది నర్సింలే. "బావా, నాకాడ లేనిదే అడుగుతున్నయి నీ చెప్పులు" అన్నాడు. బాలమణి చెప్పుల్లో వాడి పాదం సగం కూడా పట్టలేదు.

ఇక తిరుగు ప్రయాణం. వాడు కాలు నేల మీదా పెట్టకూడదు, పెడలు మీదా పెట్టకూడదు. బండి ఎత్తు ఎక్కాలి. పుట్టి బుద్ధెరిగి సైకిలు ముట్టని బాలమణి స్టీరింగ్ ముందు కూర్చుని తొక్కసాగింది. నర్సింలు పక్కన, కాలు ఎత్తి రొట్టెల సంచి మీద పెట్టుకొని, ఊరేగే పెళ్లికొడుకులా. నేను వెనక నుంచి తోపుడు. చిన్నప్పుడు కిరాయి సైకిలు నేర్చుకున్న రోజుల్లో ఇలాగే తోసేవాళ్లం, అప్పుడు తోసినవాడికి తర్వాత ఎక్కే వంతు వచ్చేది. ఇప్పుడు ఏ వంతూ లేదు, పది అడుగులకోసారి ఆగడమే. మడమల దగ్గర మొదలైన నొప్పి నడుము దాకా ఎక్కింది. నీళ్లన్నీ కాలికే అయిపోయాయి.

ఒకచోట ఆగినప్పుడు వాడు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "మరిసిపోలే బావా. కావాల్నని ఇడిసిన."

నేను ఊపిరి తీసుకుంటూ బండికి వీపు ఆనించాను.

"చెప్పులేసుకుంటే కర్ర తెలుస్తదా? ఉత్త కాలుతోని తొక్కి జూద్దామనుకున్న. తెలిస్తే ఆ మేడాన్ని అడిగే పనే లేకుండె. సీద ఇంటికి వోయి మగ్గమెక్కుదును."

"తెలిసిందా?" అంది బాలమణి. గొంతులో కోపం లేదు.

"కాలు పెడలు మీదున్నదో జారిందో, వంగి కండ్లతోని జూస్తేనే తెలిసింది."

మళ్లీ తోయడం మొదలుపెట్టాను. తోయడానికి బండి ఉంది, అదే నయం.

గంట అనుకున్నది దాదాపు రెండు గంటలైంది. ఎల్లమ్మ దూరం నుంచే మమ్మల్ని చూసి, బల్ల మీద నుంచి ఆ చెప్పుల జత తీసుకొని ఎదురొచ్చింది. "ఎండకు కాలుతయని నీడకు వెట్టిన. షుగర్ చెప్పులు గదా. మా ఆయనకు గూడ గిసొంటియే ఉండె" అంది. వంగి, తానే వాడి కాలికి తొడిగి పట్టీ పెట్టింది. 'ఉండె' అన్న మాట విన్న బాలమణి ఆమె పక్కనే కూర్చుని రెండో కాలి పట్టీ పెట్టింది.

ఫోన్ చేస్తే ముప్పావు గంటకు ఆటో ఆయన వచ్చాడు. మూడుంబావుకు దవాఖాన. గాయం పైపైనే ఉందట, కట్టు కట్టి, డాక్టరమ్మ తిట్టాల్సినవి తిట్టింది. తర్వాత రక్త పరీక్ష కాగితం పక్కన పెట్టి, "మగ్గం సంగతి అడిగారు కదా..." అని మొదలుపెట్టింది.

"అడిగిన మేడం. ఇగ ఇడ్సివెట్టుండ్రి" అన్నాడు నర్సింలు.

నాలుగున్నర బస్సు. దేవరకద్ర దాటాక వాడు ఫోన్ తీసి ఇంటికి కలిపాడు.

"సాయమ్మా, ఆ దుప్పటి తియ్యి. ఆఁ, మగ్గం మీద దుప్పటే. దుమ్ము దులిపి ఉంచు. రేపటి సంది నువ్వే కూసో... నేనా? నేను కండెలు చుడ్త." కొంచెం ఆగాడు. "నవ్వకు. నేర్సుకుంట."

అవతల నుంచి సన్నగా ఏదో మాట వినిపించింది. వాడు ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏమంటాంది?" అంది బాలమణి.

"కండె వదులుగ చుడితే నెత్తి మీద కొడ్త అంటాంది. నలభై ఏండ్లు నేనన్న మాటే నాకు అప్పజెప్తాంది" అన్నాడు నర్సింలు, కిటికీ వైపు తిరిగి.

రెండు రోజులు నేను మంచం దిగలేదు. పడుకొని ఆలోచిస్తే అనిపించింది, ఆ బండి మీద ముగ్గురమూ చోట్లు మార్చుకున్నాం. స్టీరింగ్ పట్టినవాణ్ణి తోపుడుకు దిగాను, సంచి పక్కన కూర్చున్నది స్టీరింగ్ పట్టింది, తొక్కేవాడు కాలు ముడుచుకున్నాడు. బండి మాత్రం గేటు చేరింది. చేరడానికి చాలా సేపు పట్టింది, అందరికీ ఒళ్లు నొప్పులు మిగిలాయి, పార్కులో సగం కూడా చూడలేదు. నారాయణపేటలో ఆ చీర దిగిందని తర్వాత విన్నాను. ఎక్కడ నర్సింలు నేత ఆగి సాయమ్మ నేత మొదలైందో చూపించమని బాలమణి అడిగితే, ఆ మొగుడూ పెళ్లాలిద్దరూ చెరో చోట వేలు పెట్టారట.

పోయేవాళ్లకు ఒక్క మాట: నీళ్లు రెండు సీసాలు తీసుకుపోండి, అది ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది వేరు. బండి కదిలే ముందు కిందికి వంగి, మీతో ఎక్కినవాళ్ల కాళ్లకు చెప్పులున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. మోదుగు పూలు ఎక్కడికీ పోవు.