మా చెల్లెలికి ఇవ్వలేకపోయిన రక్తం

ఆ రోజు బడిలో ఉదయం ప్రార్థన జరుగుతుండగా నా కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. నేను ఆళ్లగడ్డలో ఉంటాను. రుద్రవరం దగ్గర ఒక బడిలో టీచరును. అప్పటికే కొన్ని నెలలుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బియ్యం ఏరేటప్పుడు గుప్పెడు పచ్చి బియ్యం నమలకుండా ఉండలేకపోయేదాన్ని. ఇంటిపని, బడిపని ఉన్న మనిషికి అలసట మామూలేలే అనుకున్నాను.

ఆ తర్వాతి వారమే చెల్లెలు సునీతను కాన్పుకు నంద్యాల ఆసుపత్రిలో చేర్చాం. పాప పుట్టింది కాని సునీతకు రక్తస్రావం ఆగలేదు. "పీపీహెచ్ అమ్మా, కాన్పు తర్వాత రక్తం ఆగకుండా పోతాంది. ఓ నెగెటివ్ ఒకటి ఎక్కిస్తాండాం. ఇంకోటి కావాల, తొందరగా చూడండి" అన్నారు డాక్టరమ్మ. మా ఇంట్లో ఆ గ్రూపు సునీతకూ నాకే ఉంది. బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తి చెయ్యి చాచాను.

అక్కడి టెక్నీషియన్ నా వేలి నుంచి చుక్క తీసి చూశాడు.

"మీకే హిమోగ్లోబిన్ ఎనిమిదుంది మేడం. పన్నెండున్నర అన్నా ఉండాల. మీ దగ్గర తీసుకోలేం."

"ఏం కాదులే అన్నా, తీసుకో. ఆడ నా చెల్లెలు..."

"మీరు కూడా పడిపోతే మీ ఇద్దరికీ రక్తం యాడ తెచ్చేది?"

మాట కటువుగా ఉన్నా, అతనే ఎవరికో ఫోన్ చేశాడు. గంట దాటాక ఒక మనిషి వచ్చాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడట. కనురెప్పల మీద రాతిపొడి అలాగే ఉంది. చేతులు కడుక్కుని మంచం మీద పడుకున్నాడు. నేను పక్కన నిలబడి ఏడుస్తుంటే నావైపు చూశాడు.

"ఏడవొద్దక్కా. నాలుగేండ్లుగా మూణ్ణెల్లకోసారి ఇస్తాండా. ఎవురికి పోతాదో ఎప్పుడూ చూల్లేదు. ఈ పొద్దు చూస్తాండా, అంతే."

పరీక్షలు చేసి ఆ రక్తం ఎక్కించేసరికి సాయంత్రమైంది. మరుసటి రోజుకు సునీత పెదవులకు రంగు తిరిగొచ్చింది. పాపను ఎత్తుకుని ఆమె పక్కన కూర్చున్నాను. సంతోషంగానే ఉంది, లోపల సిగ్గుగానూ ఉంది.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మ నన్ను చూసి, "చెల్లెలు బాగానే ఉంది. మరి నీ సంగతేందమ్మా?" అన్నారు. పచ్చి బియ్యం మాట, నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే మాట చెప్పాను. పచ్చి బియ్యం తినాలనిపించడం కూడా రక్తహీనత లక్షణమేనట. స్కానింగ్‌లో గర్భసంచిలో చిన్న గడ్డ, ఫైబ్రాయిడ్ కనిపించింది. రక్తం అంతగా పోవడానికి కారణం అదే. దానికి మందులు, రక్తానికి ఐరన్ మాత్రలు రాశారు.

మాత్రలతో కడుపులో తిప్పేది. మూడో వారంలో మానేశాను. మళ్ళీ పరీక్ష చేస్తే ఎనిమిదిన్నర కూడా లేదు. ఆ సంగతి సునీతకు తెలిసిపోయింది.

"ఎవురో తెలియని మనిషి నాకు రక్తమిచ్చె. నువ్వు నీకోసం ఒక మాత్ర మింగలేవా అక్కా?"

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ మాత్ర మార్చారు. టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదన్నారని, అన్నం తినగానే టీ తాగే అలవాటు మానుకున్నాను. రోజూ మధ్యాహ్నం సునీత ఫోన్ చేసేది. "ఏసుకుంటివా?" "ఏసుకుంటి." అంతే, పెట్టేసేది. ఏడు నెలలకు పన్నెండు పాయింట్ ఎనిమిదికి వచ్చాను.

మొదటిసారి రక్తమిచ్చిన రోజు సూది చూసి భయపడ్డాను. సునీత పాపను ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది. పది నిమిషాల్లో సంచి నిండింది. అది చూసి నాకంటే ముందు ఆమే ఏడ్చింది.

ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. అప్పటి నుంచి ఇస్తున్నాను. ఒకసారి పన్నెండే ఉందని వెనక్కి పంపారు. తిండి సరిచేసుకుని, డాక్టరమ్మ మళ్ళీ రాసిన మాత్రలు వాడి, రెండు నెలలకు వెళ్ళాను. మొన్న ఆత్మకూరు నుంచి వచ్చిన ఒకామెకు ఆపరేషన్ అని బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది.

"యాడుండారు మేడం?"

"బడిలో ఉండా. హెడ్‌మాస్టరుకు చెప్పి బస్సెక్కుతాండా."

ఆమె ఎవరో నాకు తెలియదు. కోలుకుని ఇంటికి వెళ్ళిపోయిందని మాత్రం తర్వాత చెప్పారు.

మీలో ముఖ్యంగా ఆడవాళ్ళకు ఒక్కటే చెబుతాను. రక్తం ఇచ్చినా ఇవ్వకున్నా ఈ వారంలో ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మన ఒంట్లో ఎంత రక్తముందో, మనవాళ్ళు ప్రాణాపాయంలో ఉన్న రోజున తెలుసుకోకూడదు.